కందిపప్పు పుట్టిల్లు ఎక్కడ? బైలడిల్లా కొండ మీది ఒక మొక్క కథ



పోస్ట్ పెద్దగా వచ్చింది. రెండు మూడుసార్లు తగ్గిద్దామని చూశా, తగ్గిస్తే అసలు సంగతి పోతోంది. తీరిక ఉన్నప్పుడే చదవండి.

నేను నాచారంలో హాస్టల్‌లో ఉంటూ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. బాటనీ ఒక సబ్జెక్టు. మాది చర్ల మండలం వైపు, తాలిపేరు ప్రాజెక్టుకు ఎగువన అడవి అంచు ఊరు, కోయోళ్ళం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కడినే. కాబట్టి ఇందులో రాసిన చదువు సంగతులు నాకు ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, సార్లను అడిగి, లైబ్రరీలో కూర్చుని తెలుసుకున్నవి. ఇంటి సంగతులు మాత్రం అమ్మమ్మవి.

మొదలు మెస్‌లో అయింది. మా మెస్‌లో రోజూ పప్పే. పప్పంటే పేరుకే, పోస్తుంటే గిన్నె అడుగు కనబడతది. ఒకరోజు అందరం కూర్చుని పప్పు మీద జోకులు వేసుకుంటుంటే ఒకతను నన్ను చూసి అన్నాడు: "మీ అడవిలో ఇది కూడా ఉండదు కదా తమ్మీ. పోడు కొట్టుడు తప్ప మీకు వ్యవసాయం ఎక్కడిది? కందిపప్పు మా మైదానం నుంచి వస్తేనే మీకు తెలిసింది." నవ్వుతూనే అన్నాడు, చెడ్డోడు కాదు. కానీ నాకు ముద్ద దిగలేదు. మా పోడులో నాయిన చిన్నప్పటి నుంచి కంది వేసేవాడని చెప్దామనుకున్నా. అయితే ఆ కంది ముందు ఎక్కడిది అంటే నా దగ్గర జవాబు లేదు. కోపం ఉంది, జవాబు లేదు.

జవాబు కాదు గానీ దాని తోక ఒకటి నాచారంలోనే దొరికింది. హెర్బేరియం రికార్డు కోసం మొక్కలు సేకరించమన్నారు. హైదరాబాద్‌లో మొక్కలెక్కడివి అనుకుంటాం గానీ, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్లకు షెడ్లకు మధ్య ఇంకా బండలు, ముళ్ళకంపలు, ఖాళీ జాగాలు ఉన్నాయి. ఇప్పుడంటే పరిశ్రమలు, అపార్ట్‌మెంట్లు గానీ ఒకప్పుడు ఇదంతా బండనేల, చెరువులు, మెట్టచేలు. ఉప్పల్ భగాయత్ అనే పేరు చూడండి, భగాయత్ అంటే తోటల భూమి. మూసీ ఒడ్డున కూరగాయలు పండిన నేల అది, ఇప్పుడు ప్లాట్లు. సరే, ఆ బండల పక్కన గడ్డికి చుట్టుకుని పాకుతున్న ఒక సన్నటి తీగ కనబడింది. ఆకుకు మూడు రెక్కలు, చిన్న పసుపు పువ్వు, నూగు నూగుగా పొట్టి కాయ. ఎక్కడో చూసినట్టుంది. కాయ గిల్లి చూస్తే కందికాయను చిన్నగా చేసినట్టు గింజల మధ్య నొక్కులు.

సార్‌కు చూపిస్తే భూతద్దం పెట్టి చూసి, "కజానస్ స్కారబియాయిడిస్" అన్నారు. కంది శాస్త్రీయ నామం కజానస్ కజాన్. అంటే ఇంటిపేరు ఒకటే. ఇది కందికి అడవి చుట్టం. స్కారబ్ అంటే పేడపురుగు జాతి. గింజ ఆ పురుగు ఆకారంలో ఉంటుందని ఆ పేరు పెట్టారట. మన దేశంలో చాలా చోట్ల మామూలుగా దొరికే తీగే, మనం కలుపు అనుకుని తొక్కుకుంటూ పోతాం. సార్ ఇంకో మాట అన్నారు: "ఇది దూరపు చుట్టం. కందికి అన్నిటికంటే దగ్గరిది వేరే ఉంది. అది ఇక్కడ దొరకదు. మీ వైపు పైన, బస్తర్ కొండల్లో ఉంటుంది."

ఆ మాటతో నేను నెల రోజులు ఆ మొక్క వెనక పడ్డా.

దాని పేరు కజానస్ కజానిఫోలియస్. ఆకు కంది ఆకులా ఉంటుందని ఆ పేరు. తీగ కాదు, కందిలాగే నిటారుగా మనిషెత్తు పెరిగే పొద. పువ్వు కందిపువ్వే అనిపిస్తది. తేడా తెలియాలంటే కాయ, గింజ చూడాలి. గింజ ముదురు రంగులో మచ్చలు మచ్చలుగా ఉంటది, గింజ కన్ను దగ్గర తెల్లటి బొడిపె ఒకటి ఉంటది. మనం పండించే కందిలో ఆ బొడిపె దాదాపు పోయింది. కాయ ఎండితే రెండు డిప్పలు మెలితిరిగి టప్పున పగిలి గింజలు దూరంగా పడిపోతాయి. అంతే తేడా. రెండింటికీ క్రోమోజోములు 22, ఒకదానితో ఒకటి కలిపితే సులువుగా గింజ కడతాయి.

దీనికి మొదట శాస్త్రీయ నామం పెట్టింది హెచ్.హెచ్. హైన్స్ అనే బ్రిటిష్ అటవీ అధికారి. బీహార్, ఒరిస్సా మొక్కల మీద పెద్ద గ్రంథం రాసినాయన. 1920 ప్రాంతంలో ఒరిస్సా మొక్కను చూసి అటైలోసియా కజానిఫోలియా అన్నాడు. అప్పట్లో అడవి చుట్టాలను కందితో కలపకుండా అటైలోసియా అని వేరే కులంలో పెట్టేవాళ్ళు. కులం అనే మాట నేను కావాలనే రాశా. ఒకే ఇంటోళ్ళను అడవిలో ఉన్నందుకు వేరే పేరుతో పిలవడం మనకు కొత్త కాదు కదా. ఆ వేరు కుంపటి 1986 దాకా సాగింది.

దాన్ని కలిపినాయన పేరు వాన్ డెర్ మేసెన్, నెదర్లాండ్స్ మనిషి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టాక అక్కడ పనిచేశాడు. కంది మీద పని అంటే పొలాల్లో రకాలు చూసుకోవడమే కాదని, కొండలెక్కి అడవి కందులను వెతికాడు. ఈ మొక్క బైలడిల్లా కొండల్లో ఉందని మనకు గట్టిగా తెలిసింది ఆ రోజుల వెతుకులాటతోనే. కంది సొంతిల్లు భారతదేశమేనని 1980లో రాశాడు. 1986లో అన్ని జాతులనూ పరిశీలించి అటైలోసియా అనే పేరు తీసేసి అందరినీ కజానస్ ఇంటిపేరు కింద చేర్చాడు. ఆ లెక్కలో మొత్తం 32 జాతులు.

భారతదేశమేనని అంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు చాలామంది కంది ఆఫ్రికాది అనుకున్నారు. ఈజిప్టులో 12వ రాజవంశం కాలపు సమాధిలో కందిగింజ దొరికిందని ష్వైన్‌ఫుర్త్ చెప్పాడు. పంటల పుట్టుక మీద పేరుమోసిన పుస్తకం రాసిన డి కాండోల్ కూడా ఆఫ్రికా వైపే మొగ్గాడు. రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ మాత్రం ఇండియా అన్నాడు. వాన్ డెర్ మేసెన్ వాదన సూటిగా ఉంటది, మనకు కూడా అర్థమవుతది: ఒక పంట పుట్టిల్లు తెలియాలంటే దాని చుట్టాలు ఎక్కడ ఎక్కువ ఉన్నారో చూడు. ఆఫ్రికాకే సొంతమైన అడవి కంది ఒకే ఒక్కటి, అదీ పశ్చిమాన. మన దేశంలో పదిహేనుకు పైగా. అందులో కందికి అన్నిటికంటే దగ్గరిది మన తూర్పు కొండల్లో, బస్తర్, ఒడిశా వైపు కొద్ది చోట్ల మాత్రమే ఉంది.

తర్వాత వచ్చినవాళ్ళు వేరే దారుల్లో వెళ్ళి అక్కడికే చేరారు. ఒడిశాలో గోపాల్‌పూర్, గోల్‌బాయ్ శాసన్ అనే పాత ఊళ్ళ తవ్వకాల్లో మాడిపోయిన కందిగింజలు దొరికాయి. కర్ణాటకలో బళ్ళారి దగ్గర సంగనకల్లులో కూడా. ఇవి 3 వేల ఏళ్ళకు పైబడిన సంగతి. ఇక 2011లో ఇక్రిశాట్ వాళ్ళు రాజీవ్ వర్ష్‌నీ నాయకత్వంలో కంది జీనోమ్ మొత్తం చదివారు. అందుకు తీసుకున్న రకం 'ఆశ', లెక్కకు వచ్చిన జన్యువులు 48,680. 2017లో 292 కంది నమూనాల జీనోములు పక్కపక్కన పెట్టి చూస్తే అది కూడా మధ్య భారతం వైపే చూపించింది.

ఇంతవరకు చదివిందే. ఇప్పుడు అమ్మమ్మ సంగతి.

కాయ పగిలి గింజ ఎగిరిపోయే మొక్క, పగలకుండా చేతికొచ్చే పంటగా ఎట్లా మారింది? పుస్తకంలో దీన్ని ఎంపిక అని ఒక్క మాటలో రాస్తారు. నాకది పరీక్షలో రాసేంతవరకే అర్థమైంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మను అడిగా, "విత్తనానికి కంది ఎట్లా తీస్తవే?" అని. అమ్మమ్మ చెప్పింది: "కోతకు ముందే పగిలిన కాయ మనది కాదు బిడ్డా, అది పిట్టలది, నేలది. చెట్టుకు గట్టిగా పట్టుకుని నిలిచిన దాంట్ల, నిండు గింజ ఉన్న మండ చూసి, ఆ మండనే వేరుగ కట్టి పెడతం." అంతే. పగిలిన కాయలోని గింజ ఇంటికి రాదు, కాబట్టి విత్తనం కాదు. పగలనిదే ఇంటికొస్తది, మళ్ళీ నేలలో పడేది అదే. ఇట్లా ఏటా ఏటా, వందల ఏళ్ళు. ఎవరూ ప్రయోగం చేయాలని కూర్చోలేదు, తిండి కోసం చేసిన పనిలోనే మొక్క మారిపోయింది. గింజ పెద్దదైంది, రంగు తేలికైంది, ఆ తెల్ల బొడిపె పోయింది. ఈ మార్పుకు కారణమైన జన్యువులు కొద్దిగానే ఉండొచ్చని శాస్త్రవేత్తలు అంటారు. కొద్దివే కావచ్చు, వాటిని పట్టింది మాత్రం చేతులు. ఆ చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవే అయ్యుంటాయని నా ఊహ, మా ఇంట్లో అయితే విత్తనం బుర్ర నాయిన ఏనాడూ ముట్టలేదు.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఈ సంగతి ఒక వాట్సాప్ గ్రూపులో చెప్తే, రెండు రోజుల్లో అది "5000 ఏళ్ళ కిందే కందిని కనిపెట్టిన కోయ జాతి" అని ఫార్వర్డ్ అయి నా దగ్గరికే తిరిగొచ్చింది. దయచేసి అట్లా రాయకండి. ఆ కొండల్లో ఆ రోజు ఉన్నవాళ్ళు తమను ఏమని పిలుచుకున్నారో ఏ గింజ మీదా రాసి లేదు. ఒడిశా మైదానంలో దొరికిన గింజలు కూడా ఉన్నాయి, వాళ్ళు వాటిని ఎక్కడ నుంచి తెచ్చుకున్నారో గింజ చెప్పదు. మనం గట్టిగా చెప్పగలిగింది ఇంతే: కందికి అన్నిటికంటే దగ్గరి అడవి మొక్క మన కొండల్లో ఉంది, ఆ పంట పుట్టింది ఈ కొండల చుట్టుపక్కల, ఆ కొండల్లో తరతరాలుగా కంది వేసి బతికినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మెస్‌లో నాకు ఇది చాలు. లేనిది కలిపితే ఉన్నది కూడా నమ్మరు.

మన కొండల నుంచి ఆ గింజ ఎంత దూరం పోయిందో చూడండి. ఇక్కడి నుంచి తూర్పు ఆఫ్రికాకు పోయింది. అక్కడి నుంచి బానిసలుగా పట్టుకెళ్ళిన మనుషుల వెంట అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవులకు చేరింది. బార్బడోస్‌లో పావురాలకు మేతగా వేసేవాళ్ళని ఇంగ్లిషులో దానికి పావురాల బఠానీ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనం పండుగ చేసుకునే గింజకు ఆ పేరు! ప్యూర్టోరికో వాళ్ళు దీన్ని గండూలెస్ అంటారు, అన్నంలో కలిపి వండటం వాళ్ళ పండుగ వంట. ఆ గండూల్ అనే మాట మన తెలుగు 'కందులు' నుంచే పోయిందని కొందరు భాషా పండితులు అంటారు. కాదు, కాంగో భాషలోని 'వాండు' నుంచి వచ్చిందని ఇంకొందరు. తెలుగువాడిగా నాకు మొదటిదే ఇష్టం. కానీ ఆ ఓడల్లో గొలుసులతో పోయింది కాంగో, అంగోలా మనుషులు. పేరు వాళ్ళదే అయ్యుంటే న్యాయం అనిపిస్తది.

ఇక అడవి మొక్క ఇప్పుడు ఎందుకు పనికొస్తుందనే సంగతి. నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది ఇదే, కొంచెం ఓపిక పట్టండి.

వరి, మొక్కజొన్న, పత్తిలో హైబ్రిడ్ విత్తనాలు వచ్చాయి. కందిలో చాలా ఏళ్ళు సరిగ్గా రాలేదు. హైబ్రిడ్ విత్తనం తీయాలంటే తల్లి మొక్క పువ్వులో పుప్పొడి ఉండకూడదు, తండ్రి పుప్పొడి బయట నుంచి రావాలి. కందిపువ్వులో రెండూ ఉంటాయి, వేల ఎకరాల్లో పువ్వు పువ్వుకూ పుప్పొడి తీసేయడం అయ్యే పని కాదు. పుప్పొడి పుట్టకుండా చేసే గుణం మొక్క కణంలోనే ఉండాలి. ఆ గుణం అడవి చుట్టాల దగ్గర దొరికింది. నేను నాచారం బండల దగ్గర చూసిన స్కారబియాయిడిస్ నుంచి తీసిన గుణంతో గుజరాత్‌లో 2004లో జీటీహెచ్-1 అనే హైబ్రిడ్ వచ్చింది. ఆ తర్వాత ఇక్రిశాట్‌లో కె.బి. సక్సేనా బృందం కజానిఫోలియస్‌ను తల్లిగా పెట్టి, పండించే కందితో కలిపి, ఇంకా నిలకడైన గుణం సాధించారు. దాన్నే ఏ-4 అంటారు. దానితో వచ్చిన ఐసీపీహెచ్ 2671 రకం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. ఒడిశాలో 'పార్వతి' అనే పేరుతో ఇంకొకటి. మన తెలంగాణలో 2015లో విడుదలైన ఐసీపీహెచ్ 2740కి పెట్టిన పేరు 'మన్నెంకొండ కంది'. ఆ పేరు చదివి నేను కుర్చీలో నుంచి లేచినంత పని చేశా. మన్యంకొండ మహబూబ్‌నగర్ దగ్గర కూడా ఉంది, కాబట్టి పేరు చూసి మన మన్నెం అనుకుని మురిసిపోనక్కరలేదు. కానీ దాని తల్లి వైపు నిజంగానే మన్నెం మొక్క.

తల్లి వైపు అని ఎందుకన్నానంటే, ఈ పుప్పొడి పుట్టని గుణం తల్లి నుంచి మాత్రమే పిల్లకు వస్తది, తండ్రి నుంచి రాదు. మనకు గట్టు తండ్రి నుంచి వస్తది కదా, మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని. ఈ మొక్కకు గట్టు తల్లిది. ఆ హైబ్రిడ్ కంది ఎంత మైదానంలో పెరిగినా, దాని తల్లి, తల్లి తల్లి, ఆ తల్లి తల్లి అని ఎక్కుకుంటూ పోతే చివరికి కొండ మీది పొద దగ్గర ఆగుతాం.

హైబ్రిడ్ అంటే ఏటా విత్తనం కొనుక్కోవాలి, అమ్మమ్మ బుర్రలో దాచుకునేది కాదు. అందుకే దాన్ని నేను గొప్ప అని ఊరికే పొగడలేను. దిగుబడి ఎక్కువన్నది నిజం, కొనాల్సి రావడమూ నిజం. అడవి చుట్టాల ఉపయోగం హైబ్రిడ్ ఒక్కదానికే కాదు. కంది వేసిన ప్రతి ఒక్కరికీ శనగపచ్చ పురుగు తెలుసు. ఆ పురుగు మన కందికాయను తొలిచినంత సులువుగా స్కారబియాయిడిస్ కాయను తొలచలేదు, ఒత్తుగా ఉన్న నూగు దానికి అడ్డం. పండించే కందిలో వైవిధ్యం చాలా తగ్గిపోయింది, పగలని కాయ కోసం ఏరుకుంటూ పోయినప్పుడు మిగతా గుణాలు కొన్ని వెనకే ఉండిపోయాయి. అవి కావాలంటే మళ్ళీ అడవికే పోవాలి.

ఇప్పుడు ఆ కొండ దగ్గరికి వస్తా. బైలడిల్లా అంటే ఎద్దు మూపురం, దూరం నుంచి కొండ వరస అట్లా కనబడతది. ఒకప్పటి బస్తర్ జిల్లా, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ. మా తాలిపేరు వాగు ఆ కొండల వైపు నుంచే దిగి మా దగ్గర గోదావరిలో కలుస్తది. చిన్నప్పటి నుంచి ఈత కొట్టిన నీళ్ళు అవి. 1942లోనే మూనీ అనే అటవీ అధికారి ఒక్క బైలడిల్లా మొక్కల మీదే ఒక రచన ప్రచురించాడు, అంత ప్రత్యేకమైన అడవి అది. కానీ ఆ కొండ ప్రపంచానికి తెలిసింది మొక్కల వల్ల కాదు, ఇనుము వల్ల. ఖనిజం ఉన్న చోట్లకు 1 నుంచి 14 దాకా డిపాజిట్ నంబర్లు పెట్టారు. 1968లో కిరందుల్‌లో ఎన్‌ఎండీసీ తవ్వకం మొదలైంది. కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలు మార్గం వేశారు, ఖనిజం విశాఖ రేవుకు పోయి అక్కడ నుంచి జపాన్‌కు ఓడెక్కింది.

ఎన్‌ఎండీసీ పరిశోధన కేంద్రం ఎక్కడ ఉందో తెలుసా? మా ఉప్పల్ రోడ్డు మీద. నేను నాచారం నుంచి హబ్సిగూడ నడిచొచ్చి మెట్రో ఎక్కడానికి పోయేటప్పుడు ఆ బోర్డు ఎన్నోసార్లు చూశా. అదే రోడ్డు మీద సీసీఎంబీ, జీవకణాల మీద పరిశోధన. ఎన్‌జీఆర్‌ఐ, భూమి లోపల ఏముందో చూసేది. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ శిక్షణ సంస్థ, పటాలు గీయడం నేర్పేది. అంటే ఆ కొండను కొలవడం, దాని కడుపులో ఏముందో చూడటం, తవ్విన రాయిని పరీక్షించడం, ఈ విద్యలన్నీ నేను నడిచే ఒక్క రోడ్డు మీద ఉన్నాయి. కొండ మీది మొక్కను చూసే చదువు మాత్రం పటాన్‌చెరులో, ఊరి ఆ చివర. ఉప్పల్ నుంచి మెట్రోలో అమీర్‌పేట దిగి, మారి, మియాపూర్ పోయి, అక్కడ నుంచి బస్సు ఎక్కాలి.

ఎన్‌ఎండీసీలో పనిచేసే ఆదివాసీ కుటుంబాలు కూడా ఉన్నాయి, నాకు తెలుసు. ఇనుము వద్దని నేననను, నేనెక్కే మెట్రో ఇనుముదే. కానీ 2019 జూన్‌లో డిపాజిట్ 13 కోసం చెట్లు కొట్టినప్పుడు వేలమంది ఆదివాసీలు కిరందుల్‌కు నడిచొచ్చి రోజుల తరబడి అక్కడే కూర్చున్నారు. అది నందరాజ్ దేవుడి కొండ అన్నారు. అప్పటికి పని ఆగింది. పేపర్లలో అంతా దేవుడి సంగతి, కంపెనీ సంగతే రాశారు. దేశమంతా తినే పప్పుకు అన్నిటికంటే దగ్గరి చుట్టం ఆ కొండ వరసల్లోనే ఉంటదని ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళకు ఆ చుట్టరికం చెప్పి ఉంటే వాళ్ళ మాటకు ఇంకో బలం తోడయ్యేది అనిపిస్తది నాకు.

"గింజలు జీన్ బ్యాంకులో ఉన్నాయి కదా, కొండ పోతే ఏం" అని ఒక ఫ్రెండ్ అన్నాడు. ఉన్నాయి. ఇక్రిశాట్ జీన్ బ్యాంకులో కంది నమూనాలు 13 వేలకు పైగా, అందులో అడవి జాతులవి ఐదు వందలకు పైన. అడవి కందుల నంబర్లు ఐసీపీడబ్ల్యూ అని మొదలవుతాయి, ఆ చివరి అక్షరం వైల్డ్‌కు గుర్తు. చల్లటి గదిలో సున్నాకు 20 డిగ్రీల కింద చాలా ఏళ్ళు చెడకుండా ఉంటాయి. అది మంచి పనే. కానీ డబ్బాలో గింజ నిద్రపోతది, మారదు. కొండ మీద మొక్క ఏటా కొత్త పురుగును, కొత్త ఎండను చూసి మారుతూ ఉంటది. మనకు రేపు కావాల్సింది ఆ మారినదే కావచ్చు.

చట్టం కూడా ఒకటి చూశా. 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతు హక్కుల చట్టంలో, పాత నాటు రకాలను, పంటల అడవి చుట్టాలను కాపాడిన రైతులకు గుర్తింపు, జన్యు నిధి నుంచి బహుమానం ఇవ్వాలని ఉంది. అడవి చుట్టాలు అనే మాట చట్టంలోనే ఉంది, నేను కలిపింది కాదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామపంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్ళో ఏ మొక్క ఉందో, దాన్ని ఎవరు ఎందుకు వాడతారో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబర్‌లో జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం, ఆ రైతుల కష్టం అది. మన పంచాయతీల రిజిస్టర్లలో అడవి కంది గురించి ఒక్క లైను ఉందేమో ఎవరైనా వెళ్ళి చూశారా? పంచాయతీ ఆఫీసులో అడిగితే చూపించాలి, అది మన ఊరి పుస్తకం.

ఇక మా ఇంటి సంగతి చెప్పి ఆపుతా. మా ఊళ్ళో ఇప్పుడు ఎటు చూసినా మిర్చి, పత్తి. నాయిన కంది మానేసి నాలుగేళ్ళయింది. పోడు మీద గొడవలు, కోతులు, అప్పు తీరాలంటే పత్తే దిక్కు, ఆయన కారణాలు ఆయనకున్నాయి, నేను తప్పు పట్టను. నా హాస్టల్ డిపాజిట్ కట్టింది కూడా ఆ పత్తి డబ్బే. ఒకప్పుడు జొన్న, కంది, బొబ్బర్లు, నువ్వులు అన్నీ కలిపి ఒకే చేనులో వేసేవాళ్ళు, కంది చివర్లో కోతకొచ్చేది. పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టి పొయ్యి చుట్టూ కూర్చుని ఒలుచుకు తినేవాళ్ళం, కందికట్టె తడకలకు, పొయ్యిలోకి. సీతంపేట వైపు సవర, జాతాపు అన్నలు కందికొత్తల పండుగ చేస్తారు, కొత్త కంది దేవుడికి పెట్టకుండా నోట్లో వేసుకోరు. మా దగ్గర కూడా కొత్త పెట్టందే ఏదీ తినం. కంది వేయని ఇంట్లో కందికొత్త ఏం పెడతారు, నాచారం కిరాణా షాపు ప్యాకెట్టా? ఆ ప్యాకెట్‌లో ఉన్నది మొజాంబిక్‌దో మయన్మార్‌దో కూడా కావచ్చు. లోకంలో అందరికంటే ఎక్కువ కంది పండించే దేశం మనదే అయినా మనకు చాలక ఆ దేశాల నుంచి కొంటున్నాం.

సంక్రాంతికి పోయినప్పుడు అమ్మమ్మ చూరులో వేలాడదీసిన ఆనపకాయ బుర్ర దింపింది. బూడిద కలిపి దాచిన కందులు, నాలుగేళ్ళ కిందటివి, గుప్పెడు కంటే కొంచెం ఎక్కువ. "మీ నాయిన వేయడు, నువ్వు వేస్తవా?" అంది. నేను నాచారంలో ఎక్కడ వేస్తానే అని నవ్వితే తను నవ్వలేదు. అందులో నుంచి ఇరవై గింజలు తెచ్చుకుని తడిగుడ్డలో కట్టి హాస్టల్ కిటికీలో పెట్టా. ఏడు మొలకెత్తాయి. సార్‌కు చెప్తే కాలేజీ బాటనీ గార్డెన్‌లో గోడ పక్కన రెండు గజాల జాగా ఇచ్చారు. జూన్‌లో వర్షాలు పడగానే మిగతా గింజలు అమ్మమ్మ దగ్గర నుంచి తెచ్చి వేస్తా.

మీలో బస్తర్, మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు చుట్టాలు ఉన్నవాళ్ళు ఈ ఒక్క పని చేయండి. మీ పెద్దవాళ్ళను అడగండి, కొండ మీద కందిలాగే నిటారుగా పెరిగి, కాయ ఎండగానే పగిలి గింజ ఎగిరిపోయే పొద ఎప్పుడైనా చూశారా, దాన్ని మీ భాషలో ఏమంటారు అని. పీకకండి, కొమ్మ విరవకండి. ఫోటో, ఊరి పేరు, పెద్దవాళ్ళు చెప్పిన పేరు, ఈ మూడూ ఇక్కడ పెట్టండి.